నాన్నగారి లివర్ గడ్డకి కరెంటు పెడతామంటున్నారు, రోజూ ముందు స్కాన్ ఎందుకు?

గోదారిగట్టు | ఫిబ్రవరి 3, రాత్రి 10:48

అందరికీ నమస్కారం. మాది రాజమండ్రి. నాన్నగారికి 63 ఏళ్లు. హెపటైటిస్ బి ఉన్నట్టు చాలా ఏళ్ల క్రితమే తెలిసింది, ఆ వైరస్‌ని అణిచే టెనోఫోవిర్ మాత్ర మానకుండా వేసుకుంటున్నారు. దసరా అయ్యాక మామూలు చెకప్‌కి వెళ్తే అల్ట్రాసౌండ్‌లో లివర్ పైభాగాన గడ్డ కనబడింది. సీటీలో 4.2 సెంటీమీటర్లు. రక్తంలో ఏఎఫ్‌పీ (లివర్ క్యాన్సర్ ఉంటే పెరిగే గుర్తు) 380. సిరోసిస్ (లివర్ గట్టిపడటం) ఉంది కానీ ఇంకా చైల్డ్-ప్యూ ఏ లోనే, అంటే లివర్ బాగానే పనిచేసే దశలోనే ఉందన్నారు. పొట్టలో నీరు లేదు, కామెర్లు లేవు, తన పనులు తనే చేసుకుంటున్నారు.

ప్లేట్‌లెట్లు 78 వేలే ఉన్నాయి, కోసి తీయడం ప్రమాదం అన్నారు. సూది గుచ్చి కాల్చాలంటే గడ్డ పెద్దది, పైగా డయాఫ్రమ్‌ని (ఊపిరితిత్తుల కింద ఉండే కండర పొర) ఆనుకుని ఉంది. తొడ దగ్గర నుంచి ట్యూబు పంపి మందు ఎక్కించే టేస్ నవంబర్‌లో చేశారు. జనవరి స్కాన్ చూస్తే గడ్డలో ఒక పక్క ఇంకా బతికే ఉంది. నా లివర్ ఇస్తానన్నాను, నాకు కొవ్వు ఎక్కువుందని వద్దన్నారు. చనిపోయిన దాతల అవయవాలు ఇప్పించే ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు రాయించాం. ఆ పిలుపు వచ్చేదాకా గడ్డ పెరక్కుండా ఆపాలని, హైదరాబాద్‌లో 5 సిట్టింగుల రేడియేషన్ పెడతామంటున్నారు.

మా భయం ఇదీ. అంతకుముందు చూపించిన ఇంకో ఆసుపత్రిలో ఒక పెద్ద డాక్టరు గారు "లివర్‌కి కరెంటు పెట్టకూడదయ్యా, ఉన్న లివర్ కూడా పోతుంది" అన్నారు. ఇక్కడేమో ప్రతి సిట్టింగ్‌కీ ముందు స్కాన్ తీసి సరిచూసుకుని పెడతాం, భయపడొద్దు అంటున్నారు. ఇద్దరూ డాక్టర్లే. ఎవరి మాట వినాలి? ఆ స్కాన్ వల్ల నిజంగా తేడా ఉంటుందా, బిల్లు పెంచడానికా? అమ్మ నాలుగు రోజులుగా కంటి మీద కునుకు లేకుండా ఉంది.


పాలమూరు_తమ్ముడు | ఫిబ్రవరి 3, రాత్రి 11:20

అన్నా, ధైర్యంగా ఉండు. మా వైపు ఒకాయన లివర్‌కి పసరు పోస్తారు. నేలఉసిరి, గుంటగలగర ఇంకేవో కలుపుతారు. మా మేనమామకి కామెర్లు దాంతోనే తగ్గాయి. కరెంటుతో పాటు అది కూడా తాగిస్తే మంచిదేమో, అడ్రస్ కావాలంటే చెప్తాను.


రేడియేషన్_డాక్టర్_వైజాగ్ | ఫిబ్రవరి 4, ఉదయం 6:55

తమ్ముడూ, నీ మనసు మంచిదే కానీ ఈ పేషెంట్‌కి పసరు వద్దు. కామెర్లు చాలావరకు వైరస్ వల్ల వచ్చి కొన్ని వారాల్లో వాటంతట అవే తగ్గుతాయి, పేరు పసరుకి వస్తుంది. సిరోసిస్ ఉన్న లివర్ మీద ఏముందో తెలియని పసరు పడితే పరిస్థితి తిరగబడొచ్చు. ఇప్పుడు ఈయనకి రేడియేషన్ పెట్టగలుగుతున్నారంటే ఆ "చైల్డ్-ప్యూ ఏ" అన్న ఒక్క మాట ఆధారంగానే. అది జారిందంటే మా చేతిలో ఉన్న దారి మూసుకుపోతుంది.

గోదారిగట్టు గారూ, ఆ పెద్ద డాక్టరు గారు అబద్ధం చెప్పలేదు. ఆయన చదువుకున్న రోజుల్లో అదే నిజం. 1965లోనే స్టాన్‌ఫోర్డ్ డాక్టర్లు రాశారు: లివర్ మొత్తానికి రేడియేషన్ పెడితే కొన్ని వారాల తర్వాత లివర్ ఉబ్బుతోంది, పొట్టలో నీరు చేరుతోంది, కొందరు చనిపోతున్నారు అని. రోజుకి 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ డోసు కొలత) లెక్కన లివర్ అంతటికీ 30 గ్రేలు దాటితే ఆ ముప్పు పెరిగిపోతుంది. గడ్డ చావాలంటే అంతకంటే చాలా ఎక్కువ కావాలి. చాలా ఏళ్లు కథ అక్కడే ఆగిపోయింది.

తర్వాత తెలిసింది ఏమిటంటే, లివర్‌కి ఎంత డోసు పడింది అన్నదొక్కటే కాదు, ఎంత లివర్‌కి పడింది అన్నది అంతకంటే ముఖ్యం. సర్జన్ సగం లివర్ కోసి తీసినా మిగతా సగం సంసారం ఈడుస్తుంది కదా, ఇదీ అంతే. కనీసం 700 సీసీ మంచి లివర్ తక్కువ డోసులో మిగిలిపోయేలా చూసుకుంటే, గడ్డ మీద పెద్ద డోసు పెట్టొచ్చు. 1990ల మొదట్లో స్టాక్‌హోమ్ కరోలిన్‌స్కాలో బ్లోమ్‌గ్రెన్, లాక్స్ అనే ఇద్దరు, అప్పటిదాకా మెదడు గడ్డలకే వాడుతున్న కచ్చితత్వాన్ని పొట్టలోకి తెచ్చారు. మనిషిని పెట్టెలాంటి చట్రంలో పడుకోబెట్టి, పొట్టని పైనుంచి నొక్కిపట్టి, కొద్ది సిట్టింగుల్లోనే ముగించేవారు. మీకు చెప్పిన 5 సిట్టింగుల పద్ధతిని ఎస్‌బీఆర్‌టీ అంటారు, దానికి పుట్టిల్లు అదే.

ఒక్కో సిట్టింగ్‌లో 8, 10 గ్రేలు వెళ్తాయి. మామూలుగా రోజుకి వెళ్లే డోసుకి నాలుగైదు రెట్లు. అంత డోసు ఒక సెంటీమీటరు పక్కకి పడితే గడ్డలో ఓ ముక్క మిగిలిపోతుంది, మంచి లివర్‌లో ఓ ముక్క పోతుంది. ఆ స్కాన్ బిల్లు కోసం కాదు. స్కాన్ తీయకుండా పెడతామని ఎవరైనా అంటే మా ఇంట్లో వాళ్లనైనా సరే నేను పంపను.


లీనాక్_టెక్నాలజిస్ట్ | ఫిబ్రవరి 4, రాత్రి 9:30

డాక్టరు గారు చెప్పాక నేను చెప్పేది కొంచెమే. కానీ రోజూ ఆ స్కాన్లు తీసేదీ, టేబుల్ జరిపేదీ మేమే కాబట్టి, లోపల ఏం జరుగుతుందో చెప్తాను. నేను ఈ పనిలో 11 ఏళ్లుగా ఉన్నాను.

ముందు ఒక పని చేయండి. వెల్లకిలా పడుకుని కుడివైపు పక్కటెముకల కింద వేళ్లు పెట్టి, నిండా గాలి పీల్చండి. వేళ్ల కింద ఏదో కిందికి దిగినట్టు తెలుస్తుంది. డయాఫ్రమ్ కిందికి నెట్టినప్పుడల్లా లివర్ దిగుతుంది, ఊపిరి వదిలితే పైకి వెళ్తుంది. మామూలు ఊపిరికే 1 నుంచి 2 సెంటీమీటర్ల ప్రయాణం, నిమిషానికి పదిహేను సార్లు. మీ నాన్నగారి గడ్డ డయాఫ్రమ్ కిందే అన్నారు, అంటే బాగా కదిలే చోట ఉంది.

ప్లానింగ్ రోజు నీలం రంగు సంచిలాంటి పరుపు మీద పడుకోబెడతారు. లోపల చిన్నచిన్న థర్మోకోల్ పూసలు ఉంటాయి. గాలి లాగేస్తే అది ఆయన వీపు, భుజాల ఆకారంలో రాయిలా గట్టిపడుతుంది. మళ్లీ వచ్చిన ప్రతిసారీ అదే గుంటలో పడుకోవాలి. చేతులు తలపైకి పెట్టాలి. భుజం నొప్పి ఉంటే ఆ రోజే చెప్పమనండి, తర్వాత చెప్తే మొత్తం మళ్లీ చేయాలి. పొట్ట మీద సబ్బుపెట్టెంత డబ్బా ఒకటి పెడతాం. కెమెరా దాన్ని చూసి ఆయన ఊపిరిని తెర మీద అలలా గీస్తుంది. ఆ అలని బట్టి నాలుగైదు దారులు: ఊపిరి బిగపట్టించి పెట్టడం, అల ఒక స్థాయిలో ఉన్నప్పుడు మాత్రమే కిరణం వదలడం, పొట్ట మీద బెల్టు బిగించి కదలిక తగ్గించడం, లేదా గడ్డ తిరిగే దారి మొత్తాన్నీ లెక్కలో కలిపేయడం. ఎవరికి ఏది కుదిరితే అది.

సిట్టింగ్ రోజు మెషిన్‌కి రెండు వైపుల నుంచి చేతులు బయటికి వస్తాయి. ఒకటి ఎక్స్‌రే పంపుతుంది, ఎదురుగా ఉన్న పలక దాన్ని పట్టుకుంటుంది. మనిషి కదలకుండా పడుకుంటే మెషినే చుట్టూ తిరిగి ఓ నిమిషంలో సీటీ తీసేస్తుంది. దీన్ని కోన్ బీమ్ సీటీ అంటారు. 2002లో మిషిగన్‌లోని విలియం బోమాంట్ ఆసుపత్రిలో డేవిడ్ జాఫ్రే బృందం లీనాక్ (కిరణాలు పెట్టే మెషిన్) మీద అమర్చి చూపించిన పద్ధతి ఇది. అంతకుముందు చర్మం మీద పచ్చబొట్టు చుక్కలు, లేజర్ గీతలు, ఎముకల ఎక్స్‌రే, అంతే ఆధారం.

ఇక్కడొక విషయం చాలామందికి తెలియదు. ఆ స్కాన్‌లో లివర్ గడ్డ కనబడదు! గడ్డ, లివర్ రెండూ ఒకే బూడిద రంగులో కలిసిపోతాయి. ఊపిరితిత్తుల్లో గడ్డ నల్లటి గాలి మధ్య తెల్లగా ఉంటుంది, పని సులువు. లివర్‌లో మేము చూసేది అంచులని: డయాఫ్రమ్ గుమ్మటం, లివర్ కింది కొస, చుట్టుపక్కల పేగులు. మీ నాన్నగారికి టేస్ అయింది కదా, నూనె మందు లిపియోడాల్‌తో చేసి ఉంటే అది గడ్డలో నిలిచిపోయి స్కాన్‌లో తెల్లగా మెరుస్తుంది. మాకు అదే దీపం. మందు నింపిన పూసలతో చేసి ఉంటే అలా కనబడదు. డిశ్చార్జి సమ్మరీలో చూసి చెప్పండి. ఏ గుర్తూ లేనివాళ్లకి బియ్యపు గింజంత బంగారు ముక్కలు గడ్డ పక్కన పెడతారు.

వెన్నెముక సరిగ్గా కూర్చున్నంత మాత్రాన లివర్ సరిగ్గా కూర్చున్నట్టు కాదు. ఎముకలు మిల్లీమీటరు తేడా లేకుండా కలిసిన రోజు కూడా లివర్ 8 మిల్లీమీటర్లు పైకి ఉండడం నేను చాలాసార్లు చూశాను. అలాంటప్పుడు లివర్‌ని బట్టి టేబుల్ జరుపుతాం, డాక్టరు చూసి ఓకే అన్నాకే కిరణం మొదలవుతుంది.


కొలతల_ఫిజిసిస్ట్ | ఫిబ్రవరి 5, ఉదయం 11:15

టెక్నాలజిస్ట్ గారు బాగా చెప్పారు. నేను మెడికల్ ఫిజిసిస్ట్‌ని, ఒక లెక్క చెప్తే స్కాన్ విలువ ఇంకా తెలుస్తుంది.

4.2 సెంటీమీటర్ల గడ్డ అంటే ఒక మాదిరి నిమ్మకాయ. ఘనపరిమాణం దాదాపు 39 సీసీ. గురి తప్పే అవకాశం ఉంది కాబట్టి చుట్టూ కొంత అంచు కలిపి కిరణాలు పెడతాం. రోజూ చూసుకుని పెట్టేటప్పుడు ఆ అంచు 5 మిల్లీమీటర్లు చాలనుకుందాం, అప్పుడు మొత్తం 74 సీసీ అవుతుంది. చూడకుండా, ఊపిరిని పట్టించుకోకుండా పెట్టాలంటే చుట్టూ 15 మిల్లీమీటర్లు వదలాలి. అప్పుడు 195 సీసీ. నిమ్మకాయ కాస్తా బత్తాయి అయింది. ఆ తేడా 120 సీసీ పైనే, చాలావరకు మంచి లివరే. సిరోసిస్ ఉన్న మనిషి అంత లివర్‌ని వృథాగా వదులుకోగలడా?

ఇంకో మాట. మొదటి సిట్టింగ్‌కి ముందు ఆయన ప్లాన్‌ని మనిషికి కాకుండా కొలతలు తీసే బొమ్మ మీద పెట్టి, కంప్యూటర్ చెప్పిన డోసు నిజంగా వస్తోందా అని కొలుస్తాం. ప్లానింగ్ స్కాన్ అయ్యాక వారం, పది రోజులు ఆగమన్నారంటే ఆలస్యం చేస్తున్నారని అనుకోకండి, వెనక ఈ పనులన్నీ నడుస్తుంటాయి.


నెల్లూరక్క | ఫిబ్రవరి 5, మధ్యాహ్నం 3:40

తమ్ముడూ, మీ అమ్మగారికి నా మాటగా చెప్పు. మా ఆయనకి పెద్దపేగు క్యాన్సర్ ఆపరేషన్ అయిన ఏడాదికి లివర్‌లో రెండు మచ్చలు వచ్చాయి. 2022లో ఇదే పద్ధతిలో పెట్టించాం, చెన్నైలో. ఆయనకి ముందు టేస్ లాంటిదేమీ లేదు కాబట్టి బంగారు గింజలు మూడు పెట్టారు. స్కాన్ చూస్తూ సన్న సూదితో పెట్టేస్తారు, మత్తు కూడా ఆ చోటికి మాత్రమే ఇచ్చారు. ముందే రక్తం గడ్డకట్టే పరీక్షలు చేశారు, ఆయన గుండె కోసం వాడే ఆస్పిరిన్ ఆపించారు. తర్వాత వారం రోజులు ఏమీ చేయలేదు. గింజలు కుదురుకోవాలట, జరిగేవి ఆ వారంలోనే జరుగుతాయట.

నొప్పి తెలియదు. కిరణం తగిలినట్టే ఉండదు. కష్టమల్లా చేతులు పైకెత్తి 40 నిమిషాలు కదలకుండా పడుకోవడం. మొదటిరోజు ముక్కు దురదపెట్టి నరకం చూశానన్నారు. మూడో సిట్టింగ్ నుంచి నీరసం మొదలైంది, మూడు వారాలు ఉంది. మధ్యాహ్నం అన్నం తినగానే నిద్ర ముంచుకొచ్చేది. వికారం వస్తుందని గంట ముందే మాత్ర వేసేవారు, గ్యాస్ మాత్ర రెండు నెలలు వాడాం. ఏడాది తర్వాత కుడివైపు ఒక పక్కటెముక దగ్గర నొప్పి వచ్చింది, సన్న చీలిక అన్నారు, అదే అతుక్కుంది. అది ముందే చెప్పి ఉంటే మేము మళ్లీ క్యాన్సరేమోనని వారం రోజులు వణికిపోయేవాళ్లం కాదు. నీ నాన్నగారి గడ్డ కూడా పైన, పక్కటెముకల దగ్గరే కదా, అడిగి పెట్టుకో.


డల్లాస్_తెలుగు | ఫిబ్రవరి 6, ఉదయం 5:10

మా పిన్నికి ఇక్కడ ఎంఆర్ లీనాక్ మీద పెట్టారు. ఎక్స్‌రే బదులు ఎంఆర్ఐ తీస్తూనే కిరణాలు పెట్టే మెషిన్. ఇలా ఎంఆర్ఐ చూస్తూ పెట్టే మెషిన్‌ని, అప్పట్లో లీనాక్ బదులు కోబాల్ట్‌తో, 2014లో సెయింట్ లూయిస్‌లో మొదటిసారి పేషెంట్లకి వాడారు. ఇందులో లివర్ గడ్డ తెర మీద నేరుగా కనబడుతుంది, ఊపిరితో పాటు పైకీ కిందికీ కదలడం పిన్ని కూడా చూసింది. గీత దాటితే కిరణం దానంతటదే ఆగిపోతుంది. మన దగ్గర కూడా ఇదే దొరికితే దీనికే వెళ్లడం మంచిది కదా డాక్టర్ గారూ? చెన్నైలో ప్రోటాన్ కిరణాలు పెట్టే మెషిన్ కూడా ఉందంటారు.


రేడియేషన్_డాక్టర్_వైజాగ్ | ఫిబ్రవరి 6, రాత్రి 8:20

మంచి మెషినే, కాదనను. పేగు లేదా జీర్ణాశయం గడ్డకి అతుక్కుని ఉన్నప్పుడు దాని విలువ బాగా తెలుస్తుంది. కానీ డయాఫ్రమ్ కింద, పేగులకి దూరంగా, లిపియోడాల్ నిండి ఉన్న గడ్డకి మామూలు లీనాక్ మీద కోన్ బీమ్ సీటీతో, ఊపిరి అదుపుతో చక్కగా పెట్టొచ్చు. చెన్నైలో అపోలో ప్రోటాన్ సెంటర్ 2019 నుంచి నడుస్తోంది. ప్రోటాన్ కిరణం ఒక లోతుకి వెళ్లి ఆగిపోతుంది కాబట్టి వెనక ఉన్న మంచి లివర్‌కి మేలు. కానీ ఊపిరి సమస్య దానికీ ఉంది, ఇంకా చెప్పాలంటే ఎక్కువే ఉంది, ఎందుకంటే దారిలో ఎముక వచ్చినా గాలి వచ్చినా ఆగే చోటు మారిపోతుంది.

మెషిన్ పేరు అడగడం కంటే ఈ మాటలు అడగండి: ఊపిరిని ఎలా అదుపు చేస్తారు, రోజూ స్కాన్‌లో దేన్ని చూసి సరిపెడతారు, ఆ సమయానికి డాక్టరు కన్సోల్ (మెషిన్ నడిపే కంప్యూటర్) దగ్గర ఉంటారా, నెలకి ఎన్ని లివర్ కేసులు చేస్తారు. వీటికి తడుముకోకుండా జవాబు చెప్పే చోట ధైర్యంగా పెట్టించుకోండి.

ఇందాక ఒకరు రుజువులు ఉన్నాయా అని విడిగా మెసేజ్ పెట్టారు. ఉన్నాయి. ఆర్‌టీఓజీ 1112 అనే పరీక్షలో 177 మందిని లెక్కలోకి తీసుకున్నారు. టొరంటో నుంచి లారా డాసన్ గారు నడిపారు. అందులో చాలామందిది మీ నాన్నగారి కంటే ముదిరిన జబ్బు, రక్తనాళంలోకి పాకినవాళ్లే ఎక్కువ. సొరాఫెనిబ్ అనే లివర్ క్యాన్సర్ మాత్ర ఒక్కటే వాడినవాళ్లలో సగటు బతుకు 12.3 నెలలు, ముందు ఎస్‌బీఆర్‌టీ పెట్టి తర్వాత మాత్ర ఇచ్చినవాళ్లలో 15.8 నెలలు. జబ్బు పెరక్కుండా ఆగిన కాలం 5.5 నుంచి 9.2 నెలలకి వెళ్లింది. మధ్యలో కొత్త ఇమ్యునోథెరపీ మందులు రావడంతో ఆ పరీక్ష అనుకున్నంత మందిని చేర్చుకోకుండానే ఆగింది, అది కూడా చెప్పాలి. ఈ నెలల లెక్క చూసి మీరు బెంగపడొద్దు, మీ నాన్నగారిది ఒక్క గడ్డ, 5 సెంటీమీటర్ల లోపు, రక్తనాళంలోకి పాకిందని కూడా మీరు రాయలేదు. ఆయన దారి వేరు.


గోదారిగట్టు | ఫిబ్రవరి 12, రాత్రి 9:05

అందరికీ ఎలా కృతజ్ఞతలు చెప్పాలో తెలియట్లేదు. డాక్టరు గారు చెప్పిన ప్రశ్నలే అడిగాను. ఊపిరి వదిలి బిగపట్టే పద్ధతి పెడతామన్నారు. టేస్ నూనె మందుతోనే చేశారు, అది స్కాన్‌లో బాగా నిలిచిందట, బంగారు గింజలు అక్కర్లేదన్నారు.

ఈరోజు ప్లానింగ్ అయింది. ఒక విషయం చెప్పాలి. స్పీకర్‌లో ఊపిరి గురించి చెప్పే గొంతు రికార్డు చేసిన ఇంగ్లీషు. నాన్నగారు ఎక్కడ పీల్చమన్నారో ఎక్కడ ఆపమన్నారో అర్థంకాక, పీల్చాల్సిన చోట వదిలేశారు. అల అంతా గజిబిజి. మూడుసార్లు అయ్యాక ఆయన ముఖం చూస్తే నాకే ఏడుపొచ్చింది, తప్పంతా తనదే అనుకుంటున్నారు. అక్కడున్న టెక్నాలజిస్ట్ అమ్మాయి రికార్డింగ్ ఆపేసి మైకులో తనే చెప్పింది: "తాతా, గాలి పీల్చండి... వదిలేయండి... ఇంకాస్త వదలండి... ఆ, అక్కడే ఆగండి." నాలుగోసారికి గీత బల్లపరుపుగా నిలబడింది, 19 సెకన్లు. అన్ని సిట్టింగులకీ తనే చెప్తానంది.

5 సిట్టింగులు, ఒక్కోటి 8 గ్రేలు, మొత్తం 40. రోజు విడిచి రోజు. 24న మొదలు.


పాలమూరు_తమ్ముడు | ఫిబ్రవరి 12, రాత్రి 10:30

అన్నా, పసరు మాట వెనక్కి తీసుకుంటున్నాను. డాక్టర్ సార్‌కి ధన్యవాదాలు. ఖర్చు సంగతి ఏమన్నా తెలిసిందా? మా ఊళ్లో ఒకరికి ఇదే చెప్పారు, ఆరోగ్యశ్రీలో వస్తుందా అని అడుగుతున్నారు.


లీనాక్_టెక్నాలజిస్ట్ | ఫిబ్రవరి 13, ఉదయం 7:45

తమ్ముడూ, తెలంగాణలో ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబర్‌లో 10 లక్షలకి పెంచారు, కానీ పరిమితి వేరు, ఏ ప్యాకేజీ కింద ఎంత ఇస్తారన్నది వేరు. ఆసుపత్రిలో ఆరోగ్యమిత్ర కౌంటర్ దగ్గర "ఎస్‌బీఆర్‌టీ" అన్న మాటే వాడి అడగండి. ఉత్త రేడియేషన్ అంటే మామూలు ప్యాకేజీ చెప్పేస్తారు. అడ్వాన్సు కట్టకముందే అడగాలి. రెడ్‌హిల్స్‌లో ఎంఎన్‌జే, విశాఖ అగనంపూడిలో టాటా వాళ్ల హోమీ భాభా ఆసుపత్రి ప్రభుత్వానివే, అక్కడ కూడా ఒకసారి కనుక్కోమనండి.


గోదారిగట్టు | ఫిబ్రవరి 26, సాయంత్రం 6:50

ఈరోజు రెండో సిట్టింగ్. తప్పు మాదే, అందరికీ పనికొస్తుందని రాస్తున్నాను.

మూడు గంటల ముందు నుంచి ఏమీ తినొద్దన్నారు. మొన్న అలాగే ఉంచాం, 25 నిమిషాల్లో అయిపోయింది. ఈరోజు 10 గంటలకి టైమిచ్చారు. మేముంటున్న గది నుంచి బయల్దేరేటప్పుడు, షుగర్ పడిపోతుందేమోనని అమ్మ రెండు ఇడ్లీలు పెట్టి, గ్లాసుడు కాఫీ ఇచ్చేసింది. నాన్నగారు చెప్పలేదు, నేను అడగలేదు. టేబుల్ ఎక్కాక స్కాన్ తీశారు. పావుగంట గడిచినా మొదలుపెట్టట్లేదు. నాకు కాళ్లు చల్లబడ్డాయి, మెషిన్ చెడిపోయిందా, గడ్డ పెరిగిందా అని. డాక్టరమ్మ వచ్చి నన్ను కన్సోల్ దగ్గరికి పిలిచి తెర చూపించారు. రెండు స్కాన్లు ఒకదాని మీద ఒకటి పరిచారు. ఒకటి నారింజ రంగు, ఒకటి నీలం. కలిసినచోట బూడిద రంగు, కలవనిచోట రంగు బయటపడుతుంది. ఎడమవైపు పొట్ట బుడగలా ఉబ్బి ఉంది, లివర్ ఎడమ కొస దాని మీదికి ఎత్తుకుని, అంచు పొడవునా సన్న నారింజ గీత. "పొద్దున ఏం తిన్నారు?" అని అడిగారు.

దింపేశారు. రెండున్నర గంటలు బయట కూర్చున్నాం. మళ్లీ స్కాన్ తీస్తే ఆ నారింజ గీత లేదు. 12:50కి పెట్టారు. స్కాన్ తీయకుండా పెట్టి ఉంటే? ఆ మాట తలుచుకుంటేనే అమ్మకి చెమటలు పట్టాయి. బిల్లు కోసమా అని మొదటిరోజు ఇక్కడ రాసినందుకు నాకు సిగ్గుగా ఉంది.


నెల్లూరక్క | ఫిబ్రవరి 26, రాత్రి 8:15

అమ్మని ఏమీ అనకు తమ్ముడూ. ఆకలితో ఉన్న మనిషికి పెట్టకుండా ఏ ఆడది ఉండగలదు. షుగర్ భయం ఉంటే పొద్దున మొదటి టైము అడుగు, వాళ్లు ఇస్తారు. మాకూ అలాగే ఇచ్చారు.


గోదారిగట్టు | మార్చి 5, రాత్రి 9:40

అయిదూ అయిపోయాయి. చివరి మూడూ ఉదయం 7:30కే. నీరసం ఉంది, ఆకలి తగ్గింది. వాంతులు లేవు. నెలకోసారి రక్త పరీక్షలు, మూడు నెలలకి ఎంఆర్ఐ.


గోదారిగట్టు | జూన్ 11, మధ్యాహ్నం 1:25

డాక్టర్ గారూ, దయచేసి చూడండి. ఎంఆర్ఐ రిపోర్టు వచ్చింది. "గడ్డలో ఇంకా ఆర్టీరియల్ ఫేజ్‌లో కొంత వెలుగు కనబడుతోంది" అని రాశారు, అంటే ఎక్కించిన రంగు మందు ధమనుల్లో ఉన్నప్పుడు గడ్డ ఇంకా మెరుస్తోందట. సైజు 3.9. అంటే పని చేయలేదా? బిలిరుబిన్, ఆల్బుమిన్ మునుపటిలాగే ఉన్నాయి. ఏఎఫ్‌పీ 380 నుంచి 41కి వచ్చింది. ఇంట్లో ఎవరికీ ఇంకా చెప్పలేదు.


రేడియేషన్_డాక్టర్_వైజాగ్ | జూన్ 11, మధ్యాహ్నం 2:05

చెప్పండి, ఇది మంచి వార్తే. కాల్చిన గడ్డ మర్నాటికే నల్లగా కనబడుతుంది, రేడియేషన్ పెట్టిన గడ్డ అలా కనబడదు. అది నెమ్మదిగా చస్తుంది. ఆర్టీరియల్ వెలుగు మూడు నెలలప్పుడు ఉండడం మామూలే, ఆరు నెలలు, కొందరిలో అంతకంటే ఎక్కువే పడుతుంది. చుట్టూ ఉన్న లివర్ కూడా కొన్నాళ్లు రంగు మారి కనబడి గాబరా పెడుతుంది. మేము చూసేది గడ్డ పెరిగిందా, కొత్త మచ్చ వచ్చిందా అని. రెండూ లేవు. ఏఎఫ్‌పీ అంత పడిందంటే లోపల కణాలు చస్తున్నట్టే. లివర్ పరీక్షలు మారలేదు అన్నారు చూడండి, నాకు అన్నిటికంటే సంతోషం అది. రేడియేషన్ వల్ల లివర్ దెబ్బతింటే సాధారణంగా మొదటి మూడు నాలుగు నెలల్లోనే బయటపడుతుంది.

మీ డాక్టరుకి కూడా చూపించి, తర్వాతి స్కాన్ తేదీ తీసుకోండి. టెనోఫోవిర్ ఒక్క రోజు కూడా ఆపొద్దు. రేడియేషన్ తర్వాత వైరస్ మళ్లీ లేస్తే మొత్తం తిరగబడుతుంది.


గోదారిగట్టు | జూన్ 12, రాత్రి 8:30

మా డాక్టరమ్మ కూడా అక్షరాలా అదే చెప్పారు. సెప్టెంబర్ 9న మళ్లీ ఎంఆర్ఐ. జీవన్‌దాన్‌లో పేరు అలాగే ఉంది.


కరీంనగర్_బిడ్డ | జూన్ 14, ఉదయం 10:10

అన్నా, మొత్తం చదివాను. మా అమ్మకి వచ్చే వారం ప్లానింగ్. అదే, ఊపిరి వదిలి ఆపాలన్నారు. అమ్మ 8 సెకన్లకే దమ్ము పట్టలేకపోతోంది. నాన్నగారు ఎలా నేర్చుకున్నారు?


గోదారిగట్టు | జూన్ 14, ఉదయం 11:00

చెల్లీ, మా నాన్నగారు కూడా ప్లానింగ్‌కి ముందు ఇంట్లో మొదట 7, 8 దగ్గరే ఆగేవారు. పడుకుని, చేతులు తలపైకి పెట్టి, అదే భంగిమలో చేయించు. కూర్చుని చేస్తే లెక్కకి రాదు. మూడు మామూలు ఊపిరులు తీసుకుని, మూడోది బలవంతంగా ఊదకుండా మామూలుగా బయటికి పోనిచ్చి, అక్కడ ఆగాలి. ఖాళీ చేసేయాలని పొట్ట లోపలికి లాగితే ప్రతిసారీ ఒక్కోచోట ఆగుతుంది, అది పనికిరాదన్నారు. నువ్వు పక్కన కూర్చుని అంకెలు పైకి లెక్కపెట్టు. ఎక్కడిదాకా వచ్చారో వినబడితే వాళ్లకి ధైర్యంగా ఉంటుంది. పూటకి పదిసార్లు చాలు, మధ్యలో నిమిషం విశ్రాంతి. వారానికి 15 దాటారు మా నాన్నగారు. 12 దగ్గర ఆగినా కంగారుపడకు, వాళ్లు ముక్కలు ముక్కలుగా పెడతారు. అసలు కుదరకపోతే బెల్టు పద్ధతి ఉంది. ప్లానింగ్ రోజు మైకులో తెలుగులో చెప్పమని ముందే అడుగు.